ఒకే నేల, మూడు శాసనాలు
(కె. బాలగోపాల్ స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం)

డోంగ్లి 2022లో మండల కేంద్రమైంది. అంతకుముందు మద్నూర్ మండలంలో ఒక ఊరు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఈ ప్రాంతం నిజామాబాద్ జిల్లాలో ఉండేది. ఇంకా వెనక్కి పోతే లెక్క మారుతుంది. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం మూడో సెక్షన్‌లో ఒక చిన్న ఖండిక ఉంది. నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో కలుస్తాయన్నది దాని సారం. ఆ ఒక్క ఖండికతో ఇటువైపు ఊళ్ల కచేరీ మారింది, కోర్టు మారింది, దఫ్తరు భాష మారింది. తాలూకాలో మిగిలిన ఊళ్లు బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు పోయాయి. పక్కనే ఉన్న బీదర్ జిల్లా ఔరాద్ వైపు ఊళ్లు మైసూరుకు, అంటే ఇప్పటి కర్ణాటకకు చేరాయి.

మనుషులు మాత్రం మారలేదు. మూడు వైపులా అదే నల్లరేగడి, అవే కందులు, అదే పత్తి, అదే సోయా. ఇటు బిడ్డను అటు ఇస్తారు, అటు బిడ్డను ఇటు తెచ్చుకుంటారు. ఇంట్లో మరాఠీ మాట్లాడే కుటుంబం మండలాఫీసులో తెలుగులో అర్జీ పెడుతుంది. తాత కాలం కాగితం తీస్తే అది ఉర్దూలో ఉంటుంది.

చట్టం సమాజాన్ని మారుస్తుందా, సమాజమే చట్టాన్ని తన దారికి తెచ్చుకుంటుందా అన్నది పండితుల పాత వాదం. ఈ వాదాన్ని పుస్తకాల్లోంచి కాక నేల మీద పరీక్షించాలంటే డోంగ్లి లాంటి చోటు అరుదుగా దొరుకుతుంది. బంధుత్వాలు, కులాలు, పంటలు ఒకటే. శాసనాలు మాత్రం మూడు రాజధానుల నుంచి వస్తాయి. తేడా ఎక్కడ కనిపిస్తే అక్కడ చట్టం పనిచేసిందని అర్థం. తేడా కనిపించని చోట చట్టాన్ని మించిందేదో పనిచేస్తోందని అర్థం.

ఈ విషయానికి బాలగోపాల్ పేరు జోడించడం మర్యాద కోసం కాదు. గణితంలో పరిశోధన చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1983 నుంచి 1998 దాకా పౌరహక్కుల సంఘానికి ప్రధాన కార్యదర్శిగా ఉండి, ఆ తర్వాత మానవ హక్కుల వేదికలో పనిచేస్తూ నల్లకోటు తొడుక్కున్న మనిషి ఆయన. చట్టం పాలకవర్గాల చేతి పనిముట్టు మాత్రమేనన్న మాట ఆయన చుట్టూ బలంగా వినిపించిన రోజుల్లో, జనం పోరాడి సాధించుకున్నది కూడా చట్టంలో చేరుతుందని, దాన్ని చేజార్చుకోకూడదని వాదించాడు. 2009 అక్టోబరు 8న చనిపోయేదాకా హైకోర్టులో పేదల భూముల కేసులు వాదిస్తూ ఆ నమ్మకాన్ని ఆచరణలో పెట్టాడు. ఇంగ్లండులో ఇ. పి. థాంప్సన్ అనే మార్క్సిస్టు చరిత్రకారుడు 1975లో రాసిన ‘విగ్స్ అండ్ హంటర్స్’ చివర దాదాపు ఇదే తీర్మానానికి వచ్చి సొంత శిబిరంలోనే విమర్శలు ఎదుర్కొన్నాడు. ఇద్దరికీ ఆ మాట అనే అర్హత ఉంది. చట్టం పేదవాణ్ని ఎలా నలిపేస్తుందో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ.

సరిహద్దు నుంచి చట్టాన్ని చూడటం కొత్త పద్ధతి కాదు. యూజెన్ ఎర్లిక్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యపు తూర్పు కొసన, చెర్నోవిట్జ్ అనే పట్టణంలో పాఠాలు చెప్పేవాడు. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది, పేరు చెర్నివ్త్సి. ఆ బుకోవినా ప్రాంతంలో రుమేనియన్లు, రుథేనియన్లు, యూదులు, జర్మన్లు, ఆర్మేనియన్లు పక్కపక్కనే బతికేవారు. అందరికీ వర్తించేది వియన్నా నుంచి వచ్చిన 1811 నాటి సివిల్ కోడ్ ఒక్కటే. ఎర్లిక్ తన విద్యార్థులను ప్రశ్నావళులతో ఊళ్లమీదికి పంపాడు. కొడుకు సంపాదన కొడుకుదేనని కోడ్ చెబుతోంది. రైతు ఇళ్లలో మాత్రం పెళ్లికాని పిల్లల కూలి డబ్బు నేరుగా తండ్రి చేతికి పోతోంది, ఎవరూ కాదనడం లేదు. కోడ్‌కు విరుద్ధమైన ఈ ఆచారం కోర్టు గుమ్మమే ఎక్కలేదు. ఇలా జనం నిజంగా నడుచుకునే కట్టుబాట్లకు ఆయన ‘బతికున్న చట్టం’ అని పేరు పెట్టాడు. 1913లో వచ్చిన ఆయన గ్రంథం సారం ఇది. అంతకు మూడేళ్ల ముందు అమెరికాలో రోస్కో పౌండ్ పుస్తకంలో ఉన్న చట్టం వేరు, అమల్లో ఉన్న చట్టం వేరు అని ఒక వ్యాసంలో తేల్చిచెప్పాడు. న్యాయ సామాజికశాస్త్రం అనే చదువుకు ఈ రెండూ పునాదిరాళ్లు.

ఎర్లిక్ పట్ల ఎంత గౌరవం ఉన్నా ఒక మాట చెప్పక తప్పదు. బతికున్న చట్టం మంచిదేనన్న హామీ ఏదీ లేదు. హైదరాబాద్ సంస్థానంలో వెట్టి కూడా బతికున్న చట్టమే. ఏ పుస్తకంలోనూ లేకుండా తరాల తరబడి నిక్కచ్చిగా అమలైంది. నిజాం ప్రభుత్వం దాన్ని నిషేధిస్తూ ఉత్తర్వులు ఇచ్చాక కూడా అమలైంది. ఆచారమంటే ఊరంతా ఒప్పుకున్న కట్టుబాటేనా, ఊళ్లో బలమున్నవాడి మాటా? ఈ ప్రశ్న అడగని సామాజికశాస్త్రం దొరగడీ అరుగు మీద కూర్చుని ఊరిని చూసినట్టే ఉంటుంది.

ఇక భూమి సంగతి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు నిబంధన వచ్చింది. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. అదే ఆ సంవత్సరపు 21వ చట్టం. అంతకుముందు 1354 ఫసలీలో ఆసామీ షిక్మీ చట్టం ఉండేది గానీ అది కాగితం దాటలేదు. 1950 చట్టం అలాంటిది కాదు. అప్పటి దేశంలో కౌలుదారు పక్షాన ఇంత గట్టిగా నిలిచిన శాసనాలు కొన్నే. చట్టం చెప్పిన కాలంలో వరుసగా ఆరేళ్లు కౌలు చేసినవాడు రక్షిత కౌలుదారు అయ్యాడు. అతన్ని తీసేయాలంటే చట్టం చెప్పిన కారణం ఉండాలి, తహసీల్దారు ఉత్తర్వు ఉండాలి. భూమిని తనంతట తాను వదులుకుంటానన్నా ఆ మాట రాతపూర్వకంగా ఉండాలి, అది నిజమైన ఇష్టమేనని తహసీల్దారుకు నమ్మకం కలగాలి. కొనుక్కునే హక్కు కూడా కౌలుదారుకే ముందు దక్కింది. తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ ‘పీటీ’ (ప్రొటెక్టెడ్ టెనెంట్, అంటే రక్షిత కౌలుదారు) అనే రెండక్షరాలు వినిపిస్తాయి. అవి ఈ చట్టం పెట్టినవే.

ఈ చట్టం ఏం చేసిందో తెలుసుకోవడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎ. ఎం. ఖుస్రో అనే ఆర్థికవేత్త బయలుదేరాడు. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఆర్థిక సామాజిక ఫలితాల మీద ఆయన అధ్యయనం 1958లో అచ్చయింది. తెలుగునాట చట్టాన్నీ సమాజాన్నీ కలిపి చూసిన పరిశోధనల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ. న్యాయ కళాశాలల్లో దీన్ని చదివించకపోవడం పెద్ద లోటు. ఖుస్రో అడిగిన ప్రశ్న సూటిగా ఉంది. 1951లో రక్షిత కౌలుదారులుగా నమోదైన ప్రతి నూరుమందిలో మూడు నాలుగేళ్ల తర్వాత భూమి మీద ఎంతమంది మిగిలారు?

రక్షిత కౌలుదారులుగానే మిగిలినవారు 45.4 మంది. భూమి కొనుక్కుని సొంతదారులైనవారు 12.4 మంది. చట్టప్రకారం తొలగించబడ్డవారు 2.6 మంది మాత్రమే. చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టబడ్డవారు 22.1 మంది. ‘ఇష్టపూర్వకంగా’ వదులుకున్నవారు 17.5 మంది.

ఈ అంకెల ముందు కాసేపు ఆగాలి. ఆ చివరి వరసలోని ఇష్టం ఎంత నిజమో ఆ తర్వాతి పండితులు గట్టిగానే అనుమానించారు. బతుకుతెరువుగా ఉన్న పొలాన్ని, అదీ రక్షణ దొరికిన మూడు నాలుగేళ్లలోనే, కౌలుదారు ఊరికే ఎందుకు వదులుకుంటాడు? అప్పు ఉంటుంది. పండగకు గింజలిచ్చేది పట్టాదారే అయి ఉంటాడు. పెళ్లికి డబ్బు కావాల్సి వస్తుంది. ‘రాసివ్వరా’ అని పదిమందిలో అడిగితే కాదనే తాహతు ఉండదు. చట్టం అడిగిన రాతపూర్వక పత్రం పుట్టేది ఇలాగే. వదులుబాటును, చట్టవిరుద్ధ తొలగింపును కలిపితే నూటికి దాదాపు నలభై. చట్టం తాను ఒప్పుకున్న పద్ధతిలో తీసేసింది మూడు కూడా లేదు.

ఈ అంకెలకు ఇంకో ముఖం కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 45.4, 12.4 కలిపితే నూటికి యాభై ఏడు దాటుతుంది. అంతకు పదేళ్ల ముందు పొలం మీద ఏ హక్కూ లేని మనుషుల్లో సగానికి పైగా ఆ చట్టం వల్ల నిలదొక్కుకున్నారు. చట్టం వల్ల ఏమీ కాదనేవాళ్లు ఈ సగాన్ని వదిలేస్తారు. అంతా అయిపోయిందనేవాళ్లు ఆ నలభైని వదిలేస్తారు.

ఒకే చట్టం, ఒకే నేల. అయినా ఒక కౌలుదారు నిలిచాడు, పక్కవాడు పోయాడు. ఎందుకు? ఈ ఉపన్యాసం ముందుకు తెచ్చే వాదన ఇక్కడ మొదలవుతుంది. శాసనసభకూ పొలానికీ మధ్య ఒక రాసే చేయి ఉంటుంది. ఒక కాలంలో అది పట్వారీ చేయి, ఒక కాలంలో గిర్దావరుది, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న ఆపరేటరుది. చట్టం గెలిచిందా ఓడిందా అన్నది చాలావరకు ఆ రాత దగ్గరే తేలిపోతుంది. పండితుల చర్చల్లో పార్లమెంటు కనిపిస్తుంది, సుప్రీంకోర్టు కనిపిస్తుంది, సమాజం అనే పెద్దమాట కనిపిస్తుంది. ఆ చేయి మాత్రం కనిపించదు.

పాత పహాణీని దగ్గర పెట్టుకుని చూస్తే ఇది తేటపడుతుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పంట వివరాల మధ్య రెండు గడులు ఉంటాయి. ఒక దాంట్లో పట్టాదారు పేరు, ఇంకో దాంట్లో అనుభవంలో ఉండి కాస్తు చేస్తున్నవాడి పేరు. రెండు గడుల్లోనూ ఒకే పేరు ఉంటే గొడవ లేదు. రెండో గడిలో వేరే పేరు పడితే చరిత్ర మారుతుంది. ఏళ్ల తరబడి ఆ గడిలో నిలిచిన పేరు కోర్టులో సాక్ష్యమవుతుంది. అందుకే ఊళ్లో పట్వారీతో పేచీ పెట్టుకున్న కౌలుదారు అరుదు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ కోసం ఇవాళ్టికీ తెలంగాణలో జనం కలెక్టరేట్ల చుట్టూ తిరగడానికి కారణం ఇదే. ఒక సంవత్సరం ఎవరో రాసిన ఒక పేరు డెబ్భై ఏళ్లుగా తీర్పులు చెబుతోంది.

1956 తర్వాత ఈ కౌలుదారీ చట్టం మూడుగా చీలింది. మరాఠ్వాడాలో ఆ 1950 చట్టమే బొంబాయి, ఆ తర్వాత మహారాష్ట్ర సవరణలతో నడిచింది. కర్ణాటక 1961లో సొంత భూసంస్కరణల చట్టం చేసుకుంది. దేవరాజ్ అర్స్ ప్రభుత్వం దానికి తెచ్చిన సవరణ 1974 మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి కౌలు భూములన్నీ ప్రభుత్వానివయ్యాయి. కౌలుదారు ఏడో నంబరు ఫారం పెట్టుకుంటే తాలూకా ట్రిబ్యునల్ విచారించి హక్కు ఇస్తుంది. ఆ ట్రిబ్యునల్ కూర్పు గమనించాలి. అసిస్టెంట్ కమిషనర్ అధ్యక్షుడు, ప్రభుత్వం నియమించే మరో నలుగురు సభ్యులు, వారిలో కనీసం ఒకరు షెడ్యూల్డ్ కులం లేదా తెగ నుంచి. మొదట్లో వకీళ్లకు ప్రవేశం ఉండేది కాదు. అంటే రాసే చేయిని మార్చాలని ఆ చట్టం బుద్ధిపూర్వకంగానే ప్రయత్నించింది. దాని ఫలితం కోస్తా కర్ణాటకలో గొప్పగా కనిపించింది. అక్కడ కౌలుదారులకు సంఘాలున్నాయి, కాగితాలున్నాయి, అడిగే గొంతు ఉంది. పాత హైదరాబాద్ రాజ్యపు జిల్లాల్లో ఆ ఊపు రాలేదు. అవే ఫారాలు, అలాంటి ట్రిబ్యునళ్లే అయినా ఫారం పెట్టుకునే ధైర్యం అన్నిచోట్లా ఒకేలా లేదు.

తెలంగాణలో వేరే దారి నడిచింది. 1950 చట్టంలో ఆ తర్వాత చేర్చిన 38-ఈ సెక్షన్‌ను ప్రభుత్వం 1973 జనవరి 1 నుంచి తెలంగాణ అంతటా అమల్లోకి తెచ్చింది. రక్షిత కౌలుదారు ఆ తేదీ నుంచి తనంతట తానే యజమాని అవుతాడు. ఇక్కడొక చిక్కుముడి పడింది. ఖుస్రో లెక్కల్లోని ఆ ఇరవై రెండు మంది సంగతేమిటి? రిజిస్టరులో పేరుంది, పొలంలో మనిషి లేడు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు నుంచి వచ్చిన కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ 1987లో దీనికి సమాధానం చెప్పింది. చట్టం చెప్పిన పద్ధతిలో కౌలు రద్దు కానంతవరకు, వదులుబాటు జరగనంతవరకు, కౌలుదారు భౌతికంగా భూమి మీద లేకపోయినా చట్టం దృష్టిలో అతను ఆ భూమిని కలిగి ఉన్నట్టే అని. 1989లో సుప్రీంకోర్టు కూడా ఆ దారినే బలపరిచింది. గట్టిగా తరిమేసినంత మాత్రాన హక్కు చెరిగిపోదని చెప్పడానికి ముప్పై అయిదేళ్లు పట్టింది. కానీ చెప్పింది. 1951లో ఎవరో గుమాస్తా సరిగ్గా రాసిన ఒక పేరు లేకపోతే ఆ తీర్పుకు పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

తెలంగాణ పల్లెల్లో బతికున్న చట్టానికి మరో నిలువెత్తు సాక్ష్యం సాదా బైనామా. తెల్లకాగితం మీద అమ్మకం మాట రాసుకుని, సాక్షులతో వేలిముద్రలు వేయించి, పొలం హద్దులు చూపించి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చేస్తే ఊరి దృష్టిలో అమ్మకం పూర్తయినట్టే. రిజిస్ట్రారు ముఖం చూడాల్సిన పని లేదు. జనానికి తెలివి లేక ఇలా చేశారనుకోవడం పొరపాటు. 1950 చట్టం 47వ సెక్షన్ ప్రకారం తహసీల్దారు అనుమతి లేకుండా భూమి అమ్మకం చెల్లదు. కౌలుదారును కాపాడటానికి పెట్టిన ఆ నియమం చిన్న రైతును కచేరీల చుట్టూ తిప్పింది. 1969లో దాన్ని తీసేసేనాటికి తెల్లకాగితం అలవాటు ఊళ్లలో స్థిరపడిపోయింది. రిజిస్ట్రేషన్ ఖర్చు, దూరం, ఒక రోజు కూలి పోవడం ఆ అలవాటును గట్టిపరిచాయి. ప్రభుత్వమూ దాన్ని పూర్తిగా కాదనలేకపోయింది. కౌలుదారీ చట్టంలోనే 50-బీ సెక్షన్, ఆ తర్వాత 1971 నాటి హక్కుల రికార్డుల చట్టంలో 5-ఏ సెక్షన్ అలాంటి కొనుగోళ్లకు చట్టబద్ధత ఇవ్వడానికి వచ్చినవే. పుస్తకంలోని చట్టం ఊరి చట్టం దగ్గరికి నడిచి వచ్చిన సందర్భం ఇది.

2020లో ఆ నడక ఆగింది. కొత్త హక్కుల రికార్డుల చట్టం అక్టోబరు 29న ధరణి పోర్టల్‌తో అమల్లోకి వచ్చింది. సాదా బైనామా దరఖాస్తుల గడువు మాత్రం అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా. కొత్త చట్టం వచ్చాక అందినవాటిని పాత చట్టం కింద తేల్చవద్దని హైకోర్టు నవంబరులోనే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. సుమారు 9 లక్షల దరఖాస్తులు అలాగే ఉండిపోయాయి. ఒక్కో దరఖాస్తు వెనక ఒక కుటుంబం, ఒక పొలం, కొన్నిచోట్ల చనిపోయిన అమ్మకందారు కొడుకులతో ఒక తగాదా. 2025లో వచ్చిన భూభారతి చట్టం ఆరో సెక్షన్ వీటికి దారి తెరిచింది. కానీ 2014 జూన్ 2కు ముందు నుంచి అనుభవంలో ఉండాలి, పన్నెండేళ్లు పూర్తయి ఉండాలి, చిన్న లేదా సన్నకారు రైతు అయి ఉండాలి, ఆనాటి గడువులో దరఖాస్తు పెట్టి ఉండాలి. 2020 అక్టోబరు, నవంబరు మాసాల్లో ఆ ముప్పై రోజుల కబురు వినని మనిషి సంగతి ఈ సెక్షన్ మాట్లాడదు.

ధరణిలో ఇంకొకటి పోయింది. ఆ రెండో గడి. కాస్తుదారు పేరు రాసే చోటే రికార్డులో లేకుండా పోయింది. ధరణికి ముందే, 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరాకు పంటకు రూ. 4,000 ఇచ్చినప్పుడు అది పట్టాదారుకే చేరింది. కౌలుకు తీసుకుని దున్నినవాడికి చేరలేదు. 2011లో సమైక్య రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చి గుర్తింపు కార్డుల మాట చెప్పింది, కానీ ఊళ్లో పట్టాదారు ముఖం చూసి కార్డు అడగడానికి కౌలు రైతు జంకాడు. ఈ భయం 1951 నుంచి అలాగే ఉంది. రాతలో పేరు పడితే హక్కు పుడుతుందని పట్టాదారుకు తెలుసు, పేరు అడిగితే వచ్చే ఏడాది పొలం దక్కదని కౌలుదారుకు తెలుసు. ఇద్దరూ చట్టం చదవలేదు. ఇద్దరికీ చట్టం బాగా తెలుసు.

ఆడబిడ్డల ఆస్తి హక్కు దగ్గర మూడు రాష్ట్రాల తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తేదీకి పెళ్లికాని బిడ్డలకే అది వర్తిస్తుంది. మహారాష్ట్ర, కర్ణాటక ఇలాంటి చట్టాలను 1994లో చేశాయి. అక్కడా పెళ్లి అయినవారికి వర్తించదు. దేశమంతటికీ ఒకే నియమం వచ్చింది 2005 సెప్టెంబరు 9న.

ఇప్పుడు ఒకే చుట్టరికంలోని ముగ్గురు ఆడవాళ్లను ఊహించుకుందాం. ఒకామె పుట్టిల్లు డోంగ్లి వైపు, 1987లో పెళ్లయింది. ఆమె ఆడబిడ్డ పుట్టిల్లు దెగ్లూర్ వైపు, 1990లో పెళ్లయింది. తోటికోడలి పుట్టిల్లు ఔరాద్ వైపు, 1993లో పెళ్లయింది. మొదటామెకు పుట్టింటి ఉమ్మడి పొలంలో వాటా ఉంది. మిగతా ఇద్దరికీ 2005 దాకా లేదు. మంగళసూత్రం కట్టిన తేదీ, పుట్టిన ఊరు ఏ రాష్ట్రంలో ఉందన్నది, ఈ రెండూ కలిసి ఒక మనిషి ఆస్తిని తేల్చాయి. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా అన్న సందేహాన్ని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న తీర్చింది. అక్కర్లేదు, హక్కు పుట్టుకతోనే వస్తుందని.

మరి ఆ మొదటామె వాటా తీసుకుందా? చాలా ఇళ్లలో తీసుకోదు. కట్నం ఇచ్చాం కదా అంటారు. పసుపు కుంకుమల కింద కొంత పొలం రాశాం కదా అంటారు. అన్నదమ్ములు పండక్కి పిలవడం మానేస్తారన్న బెంగ ఉంటుంది. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి చీర పెట్టించుకుని వస్తుంది. బీనా అగర్వాల్ 1994లో వెలువరించిన ‘ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్’ దక్షిణాసియా అంతటా ఈ పరిస్థితిని పరిశీలించింది. భర్త పోయినా, భర్తతో చెడినా ఆదుకునేది పుట్టిల్లేనన్న ఆశతో ఆడవాళ్లు భూమిని వదులుకుంటారని ఆమె చూపింది. ఇది త్యాగం కాదు. ప్రభుత్వం ఇవ్వని భద్రతను పుట్టింటి నుంచి కొనుక్కోవడం. దానికి చెల్లించే ధర ఆ పొలం. సరిహద్దుకు ఇటువైపు తొమ్మిదేళ్లు ముందుగా చట్టం వచ్చినా, మూడు వైపులా ఆడవాళ్లు సంతకం పెడుతూనే ఉన్నారు. చట్టాల మధ్య తేడా అంతగా లెక్కలోకి రాని చోటు ఇది. అంటే ఇక్కడ మార్చాల్సింది ఇంకేదో ఉంది.

అదేమిటో బాన్సువాడకు దగ్గరలోని వర్ని చెబుతుంది. నిజామాబాద్ జిల్లాలో జోగిని ఆచారం లోతుగా పాతుకుపోయిన ప్రాంతమది. దళిత కుటుంబాల ఆడపిల్లలను దేవతకు వదిలి, ఊరి పెద్దల వశం చేసే ఆచారం. కర్ణాటక 1982లో, ఆంధ్రప్రదేశ్ 1988లో, మహారాష్ట్ర 2005లో దీన్ని నిషేధించే చట్టాలు చేశాయి. 1988 చట్టం వదలడాన్ని నేరం చేసింది, జోగిని చేసుకునే పెళ్లి చెల్లుతుందని స్పష్టం చేసింది. కానీ ఊళ్లో జోగినిని పెళ్లి చేసుకునేవాడేడీ? బడిలో తండ్రి పేరు అడిగే గడిలో ఆమె బిడ్డ ఏం రాయాలి? గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం, లవణం దంపతులు సంస్కార్ సంస్థ తరఫున వర్నిలో చెల్లి నిలయం పెట్టి, ఆ ఆడవాళ్లకు ఉండటానికి చోటు, పని, పెళ్లి, పిల్లలకు చదువు అనే దారులు వెతికారు. ఆ పనికి చట్టం ఆసరా అయింది. ‘చట్టం ఒప్పుకోదు’ అని పెద్దమనుషుల ముందు నిలబడి చెప్పగలిగారు. చట్టం ఒక్కటే ఉన్న ఊళ్లలో రాత్రిపూట జాతరలు సాగాయి. చట్టంతో పాటు మనుషులు నిలబడ్డ చోట అవి తగ్గాయి. హేమలత 2008లో చనిపోయారు. న్యాయశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో ఆమె పేరు ఎక్కడా కనిపించదు. 1988 చట్టాన్ని బతికించినవారిలో ఆమె మొదటి వరసలో ఉంటారు.

మొదట చెప్పుకున్న వెట్టి దగ్గరికి మళ్లీ వద్దాం. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం నిర్వచనాల సెక్షన్‌ను తెలుగువాళ్లు ఒకసారి చదవాలి. దేశంలోని రకరకాల బానిస పద్ధతుల పేర్లు అందులో వరసగా ఉంటాయి. వాటిలో భాగేలా, జీతా, పాలేరు, వెట్టి కనిపిస్తాయి. అన్నీ మన పొలాల్లోంచి వెళ్లిన పేర్లే. పార్లమెంటు ఆ పేర్లను పట్టుకోవడం మంచిదే. పేరు పెట్టని దోపిడీని ఏ అధికారీ నమోదు చేయడు.

నమోదైనా కోర్టులో ఎవరు గెలుస్తారన్నది ఇంకో ప్రశ్న. అమెరికా న్యాయ సామాజికశాస్త్రవేత్త మార్క్ గెలాంటర్ 1974లో రాసిన ఒక వ్యాసం ఈ రంగంలో అందరూ చదివేది. కోర్టుకు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు, జీవితంలో ఒక్కసారి వచ్చేవాళ్లు అని కక్షిదారులను ఆయన రెండు రకాలు చేశాడు. మొదటివాళ్లకు వకీళ్లు తెలుసు, ఫారాలు తెలుసు, ఏ కేసు వదులుకోవాలో ఏది లాగాలో తెలుసు. అందుకే ఉన్నవాళ్లు గెలుస్తారు అన్నాడు. గెలాంటర్ భారతదేశ న్యాయవ్యవస్థను చాలా ఏళ్లు అధ్యయనం చేసినవాడు. డోంగ్లి రైతు జీవితంలో ఒక్కసారి కోర్టుకు వస్తాడు. అవతలి పక్షం ప్రతి వాయిదాకూ వస్తుంది. ఈ తేడాను తగ్గించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇందిర క్రాంతి పథం కింద ఒక మంచి ప్రయోగం జరిగింది. ఊరి యువకులకు భూమి చట్టాల్లో శిక్షణ ఇచ్చి పారాలీగల్‌లుగా, సర్వే సహాయకులుగా పేదల పక్షాన నిలబెట్టారు. పహాణీ చదవడం, అర్జీ రాయడం, తహసీల్దారు ముందు నిలబడి మాట్లాడటం వాళ్ల పని. రాసే చేయి పక్కన చదివే కళ్లు పెట్టిన పని అది. అది కొనసాగి ఉంటే 2020 నాటి గడువు కబురు ఇంకా చాలా ఇళ్లకు చేరేది.

కొత్త మండలం రావడం కూడా చట్టంలో భాగమే. ధరణి వచ్చిన దగ్గర్నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు చేతుల్లోనే ఉంది. డోంగ్లిలో కచేరీ తెరవడంతో చుట్టుపక్కల ఊళ్ల రైతుకు మద్నూర్ దాకా పోయే ప్రయాణం తప్పింది. పనికి పోగొట్టుకునే కూలి ఆ మేరకు మిగిలింది. ఆర్డీవో దగ్గరికి పోవాలంటే బాన్సువాడ, కలెక్టరు దగ్గరికి కామారెడ్డి. భూభారతి అప్పీళ్ల దారిని తిరిగి తెరిచింది కాబట్టి ఈ దూరాలు మళ్లీ ముఖ్యమవుతాయి. వీఆర్వోలను 2020లో తీసేశాక ఊళ్లో రెవెన్యూ మనిషే లేకుండా పోయాడు. ఇప్పుడు గ్రామ పాలన అధికారుల పేరుతో ఆ స్థానం నింపుతున్నారు. ఆ మనిషి ఏం రాస్తాడు, ఎవరి ముందు రాస్తాడు, రాసింది ఎవరికి చదివి వినిపిస్తాడు అన్నవి తేలాల్సిన ప్రశ్నలు.

అందుకే హైదరాబాద్ నల్సార్‌కు, ఉస్మానియా న్యాయ కళాశాలకు, డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయానికి ఈ వేదిక నుంచి ఒక విన్నపం. ఎర్లిక్ తన విద్యార్థులను బుకోవినా ఊళ్లకు పంపినట్టు, ఇక్కడి విద్యార్థులను మద్నూర్, దెగ్లూర్, ఔరాద్ ఊళ్లకు పంపాలి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ఊరు చాలు. ముందు 1951 నాటి రక్షిత కౌలుదారుల రిజిస్టర్లు, 1954-55 ఖాస్రా పహాణీలు తీసుకోవాలి. ఆ పేర్ల వారసులు ఇవాళ ఏ సర్వే నంబరులో ఉన్నారో, ఎప్పుడు ఎలా అందులోంచి బయటపడ్డారో ఇంటింటికీ పోయి అడగాలి. అమ్మకమా, వదులుబాటా, తరిమివేతా, వారసత్వమా? ఆడబిడ్డలు సంతకం పెట్టిన హక్కు విడుదల పత్రాలు ఎన్ని, ఏ తేదీల్లో పడ్డాయి? ఖుస్రో అడిగిన ప్రశ్నకు డెబ్భై ఏళ్ల కొనసాగింపు అవుతుంది. ఉర్దూ, మరాఠీ చదవగలిగిన పాత గుమాస్తాలు ఊళ్లలో ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఆ రిజిస్టర్లను తెలుగులోకి రాయించుకునే పనితో ఇది మొదలు కావాలి. ఆ పనికి పెద్ద నిధులు అక్కర్లేదు, ఒక సెమిస్టరు చాలు.